ఫిట్స్ మందుల జతలు: ఏది దేనితో పొసగుతుంది, ఏది పొసగదు

మూర్ఛ వ్యాధిలో మొదటి మందును ఎంచుకోవడం కన్నా రెండో మందును ఎంచుకోవడం కష్టం. మొదటిసారి డాక్టరు రోగి వయసు, వచ్చే ఫిట్స్ రకం, ఉన్న ఇతర జబ్బులు చూసుకుంటే చాలా వరకు సరిపోతుంది. రెండోసారికి అప్పటికే ఒంట్లో ఒక మందు కాపురం పెట్టి ఉంటుంది. కొత్తగా వచ్చేది దానితో సర్దుకుంటుందా, దాన్ని వెళ్లగొడుతుందా, లేక దాని బలాన్ని ప్రమాదకరంగా పెంచేస్తుందా అన్నది కూడా తేల్చుకోవాలి. కొత్తగా మూర్ఛ బయటపడినవారిలో సుమారు సగం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. మిగిలినవారిలో కొందరికి ఆ మందును మార్చితే సరిపోతుంది, కొందరికి మాత్రం రెండు, ఒక్కోసారి మూడు మందులు కలిపి వాడక తప్పదు. ఈ వ్యాసం ఆ చివరి వారి కోసం, వారికి మందులు తెచ్చి వేళకు వేయించే ఇంటివారి కోసం.

మందుల షాపు కౌంటరు వెనుక నిలబడిన రోజుల్లో నాకు తరచుగా ఎదురైన ప్రశ్న "ఈ రెండింటిలో ఏది మంచిదండీ?" అన్నది. అడిగినవారి చేతిలోని చీటీలో అంతకుముందే ఏ మందు ఉందో చూడకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. లామోట్రిజిన్ మంచి మందే, వాల్‌ప్రోయేట్ కూడా మంచి మందే. కానీ మొదటిదాన్ని రెండోదాని పక్కన మామూలు మోతాదుతో మొదలుపెడితే అది చర్మాన్ని ఊడదీసే జబ్బుకు దారితీయవచ్చు. అందువల్ల ఇక్కడ మందులను విడివిడిగా కాక జతలుగా పోల్చాను. మోతాదు నిర్ణయం డాక్టరుదే. ఆయన ముందు ఏ ప్రశ్నలు పెట్టాలో తెలుసుకోవడానికి మాత్రమే ఈ పోలిక.

పొసగకపోవడం ఎలా జరుగుతుంది

మింగిన మందును విరిచి బయటికి పంపే పని చాలా వరకు కాలేయంలోని ఎంజైములది. 1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్, 1938లో వచ్చిన ఫినిటోయిన్, ఆ తరువాతి కార్బమజెపీన్, ఈ మూడూ ఆ ఎంజైములను పెంచుతాయి. పని చేసే చేతులు ఎక్కువయ్యేసరికి పక్కనున్న మందు త్వరగా ఖర్చయిపోయి రక్తంలో దాని స్థాయి పడిపోతుంది. వాల్‌ప్రోయేట్ తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది కొన్ని ఎంజైములను అడ్డుకుంటుంది కాబట్టి పక్కనున్న మందు ఒంట్లో పేరుకుపోతుంది. ఇవి కాక, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీనుకు అతుక్కుని ప్రయాణించే మందులు ఒకదాన్నొకటి అక్కడి నుంచి నెట్టేసుకుంటాయి. రక్తంలో ఏ స్థాయీ మారకపోయినా, రెండు మందులూ మెదడులో ఒకే చోట పని చేయడం వల్ల మగత, తూలుడు, ఎదుటి వస్తువు రెండుగా కనిపించడం వంటివి పెరిగే సందర్భాలూ ఉన్నాయి.

వీటిలో కాలవ్యవధి తేడాను గుర్తుపెట్టుకోవడం చాలా అవసరం. ఎంజైమును అడ్డుకునే ప్రభావం కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. ఎంజైములను పెంచే ప్రభావం నిండుగా కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ మందు ఆపిన తరువాత తగ్గడానికీ దాదాపు అంతే కాలం పడుతుంది. కొత్త మందు మొదలుపెట్టిన మొదటి వారంలో బాగానే ఉండి మూడో వారంలో ఫిట్స్ తిరగబెడితే చాలామంది "ఈ మందు పడలేదు" అనుకుంటారు. నిజానికి అక్కడ పాత మందు బలం తగ్గి ఉండవచ్చు.

వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి రెండో మందు

మన దగ్గర వాల్‌పారిన్, ఎన్‌కోరేట్ వంటి పేర్లతో దొరికే వాల్‌ప్రోయేట్ పక్కన చేర్చగల మందులలో లామోట్రిజిన్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మేలు, ముప్పు రెండూ ఇంత దగ్గరగా ఉన్న జత మరొకటి లేదు. లామోట్రిజిన్‌ను ఒంటరిగా వాడితే రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు 25 నుంచి 30 గంటలు పడుతుంది. వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే ఆ వ్యవధి సుమారు రెట్టింపై 60 గంటల దాకా పోతుంది. కార్బమజెపీన్ లేదా ఫినిటోయిన్ పక్కన ఉంటే 14 గంటల దగ్గరకు కుదించుకుపోతుంది. అందువల్ల పెద్దవారికి దీన్ని ఒంటరిగా మొదలుపెడితే మొదటి రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు ఇస్తారు. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారికి అదే 25 మిల్లీగ్రాములను రోజు విడిచి రోజు ఇస్తారు. వాల్‌ప్రోయేట్ లేకుండా ఎంజైములను పెంచే మందులు వాడుతున్నవారికి రోజుకు 50 మిల్లీగ్రాములు ఇస్తారు. రోగి అదే, మాత్ర అదే, పక్కనున్న మందును బట్టి ప్రారంభ మోతాదులో నాలుగు రెట్ల తేడా వచ్చింది.

ఈ నెమ్మదిని పాటించకపోతే వచ్చే ప్రమాదం స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. జ్వరం, నోటిలో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, ఒంటిమీద దద్దురు, ఆపై చర్మం పొరలుగా లేవడం దాని వరస. ఇది ఎక్కువగా మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది, పెద్దల కన్నా పిల్లలలో ఎక్కువ. ఈ కాలంలో దద్దురు కనిపిస్తే చెమటకాయలనో, వేడి చేసిందనో సరిపెట్టుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఇంకొక మెలిక కూడా ఉంది. ఊరికి వెళ్లి మాత్రలు మరచిపోయి ఐదారు రోజులకు మించి లామోట్రిజిన్ మానేసినవారు తిరిగి పాత మోతాదుతోనే మొదలుపెట్టకూడదు, మళ్లీ అడుగునుంచి ఎక్కాలి. ఎన్ని రోజుల ఖాళీ వస్తే అలా చేయాలన్నది పక్కనున్న మందును బట్టి మారుతుంది కాబట్టి ముందే అడిగి చీటీ మీద రాయించుకోవడం మంచిది.

ఇంత చెప్పిన తరువాత కూడా నా అభిప్రాయంలో ఇది వదులుకోవలసిన జత కాదు. ఒక్కొక్కటిగా పని చేయనివారిలో ఈ రెండూ కలిసి ఫిట్స్‌ను అదుపు చేయడం వైద్యులకు అనుభవంలో ఉన్న విషయమే. చేతుల వణుకు కొంత ఎక్కువ కావచ్చు. తొందర లేనివారికి, చెప్పిన ప్రకారం మాత్రలు వేసుకోగలవారికి ఇది తగిన ఎంపిక. వారానికి రెండు మూడుసార్లు పెద్ద ఫిట్స్ వస్తూ వెంటనే అదుపు కావలసినవారికి మాత్రం కాదు, ఎందుకంటే లామోట్రిజిన్ సరైన మోతాదుకు చేరడానికే వారాలు పడుతుంది.

అలాంటివారికి లెవెటిరాసెటామ్ మేలు. ఇది కాలేయపు ఎంజైముల మీద పెద్దగా ఆధారపడదు, ప్రోటీనుకు అతుక్కోవడమూ నామమాత్రమే, ఎక్కువ భాగం మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. అందువల్ల వాల్‌ప్రోయేట్‌తో దీనికి తగవు లేదు, మోతాదునూ త్వరగా పెంచవచ్చు. ఫ్రిసియం పేరుతో చాలామందికి తెలిసిన క్లోబజామ్ కూడా వాల్‌ప్రోయేట్ పక్కన సాధారణంగా ఇముడుతుంది. మగత వస్తుంది కాబట్టి రాత్రి మోతాదును పెద్దదిగా ఉంచుతారు. కొన్ని నెలల తరువాత దాని పట్టు సడలడం మాత్రం కొందరిలో కనిపిస్తుంది.

ఇక జాగ్రత్త పడవలసిన జతలు. వాల్‌ప్రోయేట్ పక్కన ఫినోబార్బిటాల్, అంటే గార్డినాల్, చేరిస్తే గార్డినాల్ విరిగే దారి మూసుకుపోయి అది రక్తంలో పెరుగుతూ పోతుంది. మొదట మగతగా కనిపించేది మోతాదు సవరించకపోతే గాఢమైన మత్తుదాకా పోగలదు. పాత చీటీలో గార్డినాల్ ఉన్న పిల్లవాడికి కొత్త డాక్టరు వాల్‌ప్రోయేట్ రాసినప్పుడు పాత చీటీని చూపించకపోతే జరిగేది ఇదే. పిల్లవాడు రోజంతా నిద్రపోతుంటే "మందు బాగా పని చేస్తోంది" అని సంతోషించే ఇళ్లను నేను చూశాను.

కార్బమజెపీన్‌తో వాల్‌ప్రోయేట్ జత మరింత మాయదారిది. కార్బమజెపీన్ విరిగినప్పుడు ఎపాక్సైడ్ అనే పదార్థం ఏర్పడుతుంది, దానికీ మందు గుణమూ, విష గుణమూ ఉన్నాయి. దాన్ని తరువాతి మెట్టుకు పంపే ఎంజైమును వాల్‌ప్రోయేట్ అడ్డుకుంటుంది. ఫలితంగా రోగి తూలుతుంటాడు, వాంతులు చేసుకుంటాడు, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంటాడు. ల్యాబులో కార్బమజెపీన్ స్థాయి చూస్తే మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే పెరిగింది ఎపాక్సైడ్, మామూలు పరీక్ష దాన్ని కొలవదు. రిపోర్టు బాగుంది కదా అని లక్షణాలను కొట్టిపారేయకూడని జత ఇది.

వాల్‌ప్రోయేట్, ఫినిటోయిన్ జతలోనూ రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. ఫినిటోయిన్‌లో సుమారు 90 శాతం ప్రోటీనుకు అతుక్కునే ఉంటుంది, మెదడు మీద పని చేసేది మిగిలిన 10 శాతమే. వాల్‌ప్రోయేట్ దాన్ని ప్రోటీను మీద నుంచి నెట్టేస్తుంది, పైగా అది విరగడాన్ని కూడా కొంత అడ్డుకుంటుంది. మొత్తం స్థాయి తక్కువగా కనిపిస్తుంది, విడిగా తిరిగే భాగం మాత్రం ఎక్కువగా ఉంటుంది. తక్కువగా ఉందని మోతాదు పెంచితే రోగి నడవలేని స్థితికి వస్తాడు. ఈ జతలో ఫ్రీ ఫినిటోయిన్ పరీక్ష చేయించగలిగితే దాన్నే నమ్మాలి.

వాల్‌ప్రోయేట్‌ను టోపిరామేట్ అనే మరో ఫిట్స్ మందుతో కలిపినప్పుడు రక్తంలో అమోనియా పెరిగి, మనిషి మందకొడిగా, అయోమయంగా మారవచ్చు, ఒళ్లు చల్లబడటమూ ఉంది. కాలేయ పరీక్షలు బాగున్నంత మాత్రాన ఈ అనుమానాన్ని తీసేయలేము, అమోనియా పరీక్షను విడిగా అడగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా అప్పటికే ఒకటికి మించి ఫిట్స్ మందులు వాడుతున్నవారికి, వాల్‌ప్రోయేట్ వల్ల కాలేయం దెబ్బతినే ముప్పు బాగా ఎక్కువ. ఆ వయసులో జత కట్టే ముందు వేరే దారి ఉందేమో చూడాలి.

కార్బమజెపీన్, ఫినిటోయిన్, గార్డినాల్ వాడుతున్నవారికి

ఎంజైములను పెంచే ఈ మూడు మందులలో ఏ రెండింటినీ జతగా ఎంచుకోమని నేను సలహా ఇవ్వను. ఫినిటోయిన్ పక్కన ఉంటే కార్బమజెపీన్ స్థాయి తగ్గుతుంది. ఫినిటోయిన్ మీద కార్బమజెపీన్ ప్రభావం ఒక్కోసారి తగ్గుదలగా, ఒక్కోసారి పెరుగుదలగా ఉండి ఊహకు అందదు. దానికి తోడు ఫినిటోయిన్‌ది ఒక వింత నడక. దాన్ని విరిచే ఎంజైములు ఒక హద్దు వరకే పని చేస్తాయి, ఆ హద్దు దగ్గర చిన్న పెంపు కూడా రక్తంలో పెద్ద గంతు అవుతుంది. రోజుకు 300 మిల్లీగ్రాములతో నెమ్మదిగా ఉన్న మనిషి 400కు మారగానే మూడో వంతు మాత్రమే పెరిగిందని అనుకుంటాం, స్థాయి మాత్రం రెట్టింపు దాటిపోవచ్చు. కార్బమజెపీన్ తనను విరిచే ఎంజైములను కూడా పెంచుకుంటుంది కాబట్టి, మొదలుపెట్టిన నెల రోజుల్లో ఏమీ మార్చకుండానే దాని స్థాయి తగ్గుతుంది. ఇలా స్థిరత్వం లేని రెండింటిని ఒకే బండికి కట్టడం ఎందుకు?

వీటి పక్కన లెవెటిరాసెటామ్ చేర్చడం సులువైన దారి. లామోట్రిజిన్ చేర్చితే పైన చెప్పినట్టు దాని మోతాదు ఎక్కువ కావాలి. పైగా కార్బమజెపీన్, లామోట్రిజిన్ రెండూ మెదడు కణాల్లోకి సోడియం వెళ్లే ద్వారాల మీదే పని చేస్తాయి, రక్తంలో స్థాయిలు మారకపోయినా తలతిరుగుడు, రెండుగా కనిపించడం వస్తాయి. లాకోసమైడ్ కూడా ఆ కోవదే, అదనంగా గుండె లయ మీద దాని ప్రభావం ఉంటుంది కాబట్టి పెద్ద వయసువారికి ముందు ఒక ఈసీజీ తీయించడం పద్ధతి. సోడియం ద్వారాల మందు ఒకటి ఉంటే రెండోదాన్ని వేరే దారిలో పని చేసేదాన్ని ఎంచుకోవడం ఈ వర్గంలో నాకు సబబుగా తోస్తుంది. క్లోబజామ్ అలాంటిదే.

కార్బమజెపీన్ బదులు ఆక్స్‌కార్బజెపీన్‌కు మారితే ఎంజైముల గొడవ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గడం నిజమే, పూర్తిగా పోవడం మాత్రం నిజం కాదు. దాని వల్ల రక్తంలో సోడియం ఎక్కువగా పడిపోతుంది. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే థయజైడ్ వర్గపు మాత్ర వాడుతున్న వృద్ధులలో ఈ పతనం మరింత లోతుగా ఉంటుంది, సోడియం బాగా తగ్గితే దానివల్లే ఫిట్స్ వస్తాయి. అటువంటివారికి నేను దీన్ని చివరి వరుసలో ఉంచుతాను.

దద్దురు మాట మరొకటి. కార్బమజెపీన్‌కు ఒళ్లంతా దద్దురు వచ్చినవారికి ఫినిటోయిన్, ఫినోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపీన్‌లకు, కొంతమేరకు లామోట్రిజిన్‌కు కూడా అదే రావచ్చు, వీటన్నిటి నిర్మాణంలో పోలిక ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు రకం ఉన్న ఆసియా మూలాలవారిలో కార్బమజెపీన్ వల్ల తీవ్రమైన చర్మ వ్యాధి వచ్చే ముప్పు ఎక్కువని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరించింది. ఒకసారి దద్దురు వచ్చినవారు ఆ మందు పేరును ఆధార్ నంబరు లాగా దగ్గర పెట్టుకోవాలి.

స్త్రీల విషయంలో లెక్క మారుతుంది

గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఈ పోలిక రెండు వైపులా సాగుతుంది. ఎంజైములను పెంచే మందులు, అంటే కార్బమజెపీన్, ఫినిటోయిన్, ఫినోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపీన్, రోజుకు 200 మిల్లీగ్రాములు మించిన టోపిరామేట్, గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. మాలా-ఎన్, మాలా-డి వాడుతూ కూడా గర్భం రావడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఐ-పిల్ వంటి అత్యవసర మాత్రలకూ ఇదే వర్తిస్తుంది, ఐదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకోవడం వాటికన్నా నమ్మదగినది.

రెండో వైపు లామోట్రిజిన్‌ది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు లామోట్రిజిన్ స్థాయిని సుమారు సగానికి తగ్గిస్తాయి. మాలా-ఎన్ పట్టీలో 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయన్నది చాలామందికి తెలుసు. ఆ ఐరన్ మాత్రల వారంలో ఈస్ట్రోజెన్ ఉండదు కాబట్టి లామోట్రిజిన్ స్థాయి మళ్లీ పైకి లేస్తుంది. ప్రతి నెలా మూడు వారాలు ఫిట్స్ భయం, నాలుగో వారం తలతిరుగుడు అన్న లయ కనిపిస్తే నెలసరిని నిందించే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి. లామోట్రిజిన్ పక్కన వాల్‌ప్రోయేట్ కూడా ఉంటే ఈ ఎగుడుదిగుడు చాలా వరకు కనిపించదు. కానీ గర్భం ధరించే వయసులో వాల్‌ప్రోయేట్‌నే వీలైనంతవరకు దూరం పెడతారు. ఆ మందు వాడిన తల్లులకు పుట్టిన బిడ్డల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి మానసిక ఎదుగుదల సమస్యలు కనిపించాయి. గర్భం వచ్చిందని తెలిసి దాన్ని హఠాత్తుగా మానేయడం మరింత ప్రమాదకరం, పెళ్లి మాటల దగ్గరే న్యూరాలజిస్టుతో ఈ మాట ఎత్తాలి. కాపర్-టి, మూడు నెలలకోసారి ఇచ్చే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఈ మందులతో పెద్దగా చిక్కు తీసుకురావు. నా దృష్టిలో లామోట్రిజిన్ లేదా ఎంజైములు పెంచే మందు వాడే స్త్రీకి కాపర్-టి మొదటి ఎంపిక.

టీబీ, నులిపురుగుల గోలీలు, ఆస్పత్రి సూదిమందులు

మన ప్రాంతంలో ఫిట్స్ ఉన్నవారికి టీబీ రావడం అరుదైన సంగతి కాదు. టీబీ మాత్రల్లోని ఐసోనియాజిడ్ అనే మందు ఫినిటోయిన్, కార్బమజెపీన్ స్థాయిలను పెంచుతుంది, దాని పక్కనే ఉన్న రిఫాంపిసిన్ చాలా ఫిట్స్ మందుల స్థాయిలను తగ్గిస్తుంది. ఒకే మాత్రలో ఉన్న రెండు మందులు రెండు వైపులా లాగుతుంటే ఎవరిలో ఏది గెలుస్తుందో ముందుగా చెప్పలేము, కోర్సు ముగిశాక మళ్లీ లెక్క మారుతుంది. ఈ ఆరు నెలలూ ఫినిటోయిన్ కన్నా లెవెటిరాసెటామ్ మీద ఉండటం తేలిక. ఫినిటోయిన్ మీదే ఉండాల్సి వస్తే స్థాయిని తరచుగా చూపించుకోవాలి. హెచ్‌ఐవీకి డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర వాడేవారికి కూడా కార్బమజెపీన్, ఫినిటోయిన్, గార్డినాల్ ఆ మందు బలాన్ని తగ్గిస్తాయి, ఏఆర్‌టీ కేంద్రంలో ఫిట్స్ మందు పేరు తప్పక చెప్పాలి.

మెదడులో టేప్‌వార్మ్ తిత్తులు, అంటే న్యూరోసిస్టిసెర్కోసిస్, మన దేశంలో ఫిట్స్‌కు ఒక ముఖ్య కారణం. వాటికి నులిపురుగుల గోలీ ఆల్బెండజోల్ ఇస్తున్నప్పుడు ఎంజైములు పెంచే ఫిట్స్ మందులు ఆల్బెండజోల్ పని చేసే రూపాన్నే తగ్గించేస్తాయి. అదే పనికి వాడే ప్రాజిక్వాంటెల్‌నూ అంతే. ఒక చేత్తో తిత్తికి మందు వేసి మరో చేత్తో దాన్ని తుడిచేసినట్టు అవుతుంది. ఇక్కడా లెవెటిరాసెటామ్‌కే మొగ్గు.

యాంటీబయాటిక్ కావలసి వచ్చినప్పుడు ఎంపిక మరింత స్పష్టంగా ఉంటుంది. కార్బమజెపీన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లోనే తూలుడు, వాంతులు మొదలవుతాయి. అదే వర్గంలోని అజిత్రోమైసిన్‌తో ఆ సమస్య దాదాపు లేదు. వాల్‌ప్రోయేట్ వాడేవారికి ఐసీయూలో మెరోపెనెమ్ సూదిమందు ఎక్కిస్తే వాల్‌ప్రోయేట్ స్థాయి ఒకటి రెండు రోజుల్లోనే సగానికి పైగా పడిపోతుంది, మోతాదు పెంచినా అది లేవదు. కాబట్టి ఆ రోజుల్లో వేరే ఫిట్స్ మందును తోడు పెట్టడమో, వేరే యాంటీబయాటిక్ ఎంచుకోవడమో చేస్తారు. పట్నం ఆస్పత్రిలో న్యుమోనియా కోసం చేరిన మనిషికి మూడో రోజున ఫిట్స్ వస్తే, తోడున్నవారు "ఈయన ఏళ్లుగా వాల్‌పారిన్ వేసుకుంటున్నారు" అని చెప్పగలగాలి.

నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఫిట్స్‌ను రేపగలదు, పారాసిటమాల్ అలా చేయదు. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వాల్‌ప్రోయేట్‌ను ప్రోటీను మీద నుంచి నెట్టేస్తుంది. గుండె జబ్బుకు వార్ఫరిన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వాడేవారికి కార్బమజెపీన్, ఫినిటోయిన్ ఇస్తే రక్తం పలచబరచే బలం తగ్గి గడ్డ కట్టే ముప్పు తిరిగి వస్తుంది. ఫినిటోయిన్ వేసుకునే వేళకు, అసిడిటీ సిరప్ వేళకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. జలుబుకు ముక్కు దగ్గర రాసుకునే కర్పూరం, నీలగిరి తైలం కూడా అమాయకమైనవేమీ కావు. ఇవి నేరుగా ఫిట్స్‌ను ప్రేరేపించగలవు, ముఖ్యంగా పొరపాటున కడుపులోకి వెళ్తే. మద్యం సంగతి చెప్పనవసరం లేదు, గార్డినాల్, క్లోబజామ్‌లతో అది శ్వాసనే మందగింపజేస్తుంది.

లెవెటిరాసెటామ్ కూడా నిర్దోషి కాదు

ఇప్పటిదాకా ప్రతి మలుపులో లెవెటిరాసెటామ్ వైపే మొగ్గినట్టు కనిపిస్తుంది. జతల లెక్కలో అది నిజమే, అయినా దాన్ని కళ్లు మూసుకుని ఎంచుకోకూడదు. కొందరిలో ఇది విపరీతమైన చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. ఇంట్లో మెత్తగా ఉండే మనిషి పళ్లెం విసిరేసే స్థాయికి వస్తే మనిషి స్వభావం మారిందనుకోక మందును అనుమానించాలి. అంతకుముందే మానసిక సమస్యలు ఉన్నవారికి లామోట్రిజిన్ మంచి ప్రత్యామ్నాయం. లెవెటిరాసెటామ్ మూత్రపిండాల మీదే ఆధారపడుతుంది కాబట్టి కిడ్నీ పనితీరు తగ్గితే మోతాదు తగ్గించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి కిడ్నీ జబ్బు విస్తరించిన ప్రాంతాల వారు ఈ మందు మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించుకోవడం మరవకూడదు. నాలుగు గంటల డయాలసిస్‌లో సుమారు సగం మందు బయటికి పోతుంది, అందుకే డయాలసిస్ తరువాత ఇంకొక మోతాదు వేస్తారు. దీనికి తమ్ముడి వంటి బ్రివరాసెటామ్‌ను పక్కన చేర్చడం వల్ల లాభం లేదు, రెండూ మెదడులో ఒకే అణువును పట్టుకుంటాయి.

ఒక మందును తీసేసేటప్పుడు

జత కట్టేటప్పుడు ఉన్న జాగ్రత్త విప్పేటప్పుడు చాలామందికి ఉండదు. లామోట్రిజిన్, వాల్‌ప్రోయేట్ కలిపి వాడుతూ వాల్‌ప్రోయేట్‌ను ఆపితే లామోట్రిజిన్ స్థాయి సగానికి పడుతుంది, మోతాదు పెంచకపోతే ఫిట్స్ తిరిగి వస్తాయి. లామోట్రిజిన్ పక్కనున్న కార్బమజెపీన్‌ను తీసేస్తే దీనికి వ్యతిరేకంగా, రెండు మూడు వారాల్లో లామోట్రిజిన్ స్థాయి బాగా పెరుగుతుంది. మందు తగ్గించాక తూలుడు ఎక్కువైందని రోగి చెబితే నవ్వుతారు గానీ అది అక్షరాలా నిజం కావచ్చు. ఏ ఫిట్స్ మందునూ సొంతంగా ఒక్కసారి ఆపేయకూడదు, ఆగకుండా ఒకదాని వెంట ఒకటి ఫిట్స్ వచ్చే స్థితికి అది దారి తీస్తుంది.

రక్తంలో స్థాయి చూపించుకునేటప్పుడు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మొత్తం ఫినిటోయిన్‌కు 10 నుంచి 20, కార్బమజెపీన్‌కు 4 నుంచి 12, వాల్‌ప్రోయేట్‌కు 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఒక మిల్లీలీటరుకు సాధారణంగా చూసే హద్దులు. ఈ అంకెలు ఒంటరి మందుకు సరిపోయినంతగా జతలకు సరిపోవు, పైన ఎపాక్సైడ్, ఫ్రీ ఫినిటోయిన్ గురించి చెప్పిన కారణాల వల్ల. అల్బుమిన్ తక్కువగా ఉన్నవారిలో అసలే సరిపోవు.

చివరిగా షాపులో ఎదురయ్యే ఒక చిక్కు. వాల్‌పారిన్, ఎన్‌కోరేట్ అనేవి ఒకే మందుకు రెండు పేర్లు. టెగ్రిటాల్, మజెటోల్ కూడా అంతే. ఒక డాక్టరు ఒకటి, ఊరు మారాక మరో డాక్టరు రెండోది రాస్తే రోగి రెండూ వేసుకుంటూ తన చీటీలో రెండు మందులు ఉన్నాయనుకుంటాడు. పట్టీ మీద పెద్ద అక్షరాల పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. పాత పట్టీ ఒకటి, కొత్త పట్టీ ఒకటి పక్కపక్కన పెట్టి ఆ చిన్న అక్షరాలను చదివించుకోవడానికి కౌంటరు దగ్గర ఒక నిమిషం ఆగితే చాలు, ఎంత రద్దీలో ఉన్నా ఏ ఫార్మసిస్టూ దానికి కాదనడు.